భూమిని తొలిచి రాయి వదిలితే: ఒక పాత ప్రశ్న చరిత్ర

భూమిని ఈ కొస నుండి ఆ కొసకు తొలిచి, ఆ బిలంలో ఒక రాయి వదిలితే ఏమవుతుంది? పిల్లలున్న ఇంట ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. ఆవలి వైపు ఆకాశంలోకి ఎగిరిపోతుందని ఒకరు, నడిమధ్య ఆగిపోతుందని మరొకరు వాదించుకుంటారు. పెద్దలు నవ్వి ఊరుకుంటారు. నవ్వి ఊరుకోని మహామేధావులు కొందరున్నారు. వారి సంగతి ఈ సంచిక పాఠకులకు కొంత విన్నవించదలచాము.

ముందుగా మన పూర్వుల దేశపు మాట. 1150లో సిద్ధాంత శిరోమణి రచించిన భాస్కరాచార్యుడు భూమి గుండ్రనిదనీ, దానికి ఆకర్షణశక్తి కలదనీ, మనకు సరిగ్గా ఆవలి వైపున ఉన్నవారు కూడా ఏ బాధా లేక మనలాగే నిలిచి ఉంటారనీ వివరించాడు. 'క్రింద' అంటే భూమి నడిమి వైపు అన్న ఈ తెలివిడి లేనిదే మన ప్రశ్నకు అర్థమే లేదు. అయితే న్యూటను చెప్పినదంతా భాస్కరుడు ముందే చెప్పేశాడని సభలలో కొందరు అంటూంటారు. దానితో మేము ఏకీభవించలేము. ఎంత దూరాన ఎంత ఆకర్షణ అన్న లెక్క ఆయన ఇవ్వలేదు. చెప్పినదే చాలా గొప్పది, చెప్పనిది అంటగట్టనక్కరలేదు.

ఐరోపాలో అరిస్టాటిల్ మతం వేరు. బరువైన వస్తువుకు భూమధ్యమే సొంత చోటు, అది చేరితే ఇక కదలనక్కరలేదు. 1377లో ఫ్రాన్సు దేశపు నికోల్ ఒరేమ్ దీనిని కాదన్నాడు. పడిన వేగం ఊరికే పోదు గనుక రాయి మధ్యను దాటిపోయి, వెనక్కు వచ్చి, త్రాటికి కట్టిన బరువులా ఊగుతుందన్నాడు. 1632లో గెలీలియో తన సంభాషణల గ్రంథంలో ఒక ఫిరంగి గుండును ఇలాగే పడవేసి, అది ఎంత ఎత్తు నుండి పడిందో ఆవలి వైపు అంత ఎత్తుకూ లేస్తుందని చెప్పించాడు.

అసలు కథ 1679లో జరిగింది. లండను రాయల్ సొసైటీ కార్యదర్శి రాబర్ట్ హుక్, కేంబ్రిడ్జిలో ఉన్న న్యూటనుకు ఉత్తరం వ్రాశాడు. న్యూటను జవాబులో, ఎత్తు నుండి వదిలిన రాయి భూభ్రమణం వల్ల కొంచెం తూర్పుగా పడుతుందనీ, నేల అడ్డు లేకుంటే చుట్లు తిరుగుతూ భూమధ్యానికి చేరుతుందనీ బొమ్మ గీశాడు. మొదటి మాట నిజం, రెండవది పొరపాటు. అడ్డేమీ లేకుంటే రాయి మధ్యానికి చేరదు, కోలగా తిరిగి పైకి వస్తుందని హుక్ సొసైటీ సభలోనే చదివి వినిపించాడు. న్యూటనుకు కష్టం తోచింది. 1680 జనవరిలో హుక్ మరో ఉత్తరం వ్రాశాడు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా ఉంటుందనీ, అయితే భూమి లోపలికి పోయేకొద్దీ అది తగ్గుతుందనీ, బహుశా లోలకం మీది శక్తిలా ఉంటుందనీ ఊహించాడు. ఊహించాడే గాని ఋజువు చేయలేకపోయాడు. ఋజువు 1687 నాటి ప్రిన్సిపియాలో న్యూటనే ఇచ్చాడు. హుక్ కోరినంత ఘనత మాత్రం ఇవ్వలేదు. నేటికీ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో హుక్ స్ప్రింగు పాఠంలో తప్ప అంతగా కనబడడు. ఇది అన్యాయమని మా అభిప్రాయం.

న్యూటను ఋజువు సారం ఇది. రాయి కొంత లోతుకు దిగాక, దానికి పైనున్న పొరల లాగుళ్ళు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. లోపల మిగిలిన గోళమే లాగుతుంది. భూమి అంతా ఒకే సాంద్రత అనుకుంటే ఆ లాగుడు మధ్య నుండి దూరాన్ని బట్టి తగ్గుతూ నడిమిలో సున్న అవుతుంది. అక్కడ రాయి వేగం సెకనుకు 7.9 కిలోమీటర్లు, అందుకే ఆగదు. ఆవలి కొసకు 42 నిమిషాలు. వింత ఏమిటంటే, సొరంగం మధ్యగుండా పోనక్కరలేదు. ఏ రెండు ఊళ్ళ మధ్య తిన్నగా తవ్వినా, రాపిడి లేకుంటే, అదే 42 నిమిషాలు. 1893లో లూయిస్ కారల్ తన నవలలో ఇలాంటి సొరంగాలలో రైళ్ళు నడిపించాడు. 1966లో పాల్ కూపర్ అనే ఆయన దీనిపై వ్యాసం ప్రకటించాడు.

మన లెక్క కూడా వేసి చూశాము. మద్రాసు నుండి డర్బనుకు తిన్నని సొరంగం పొడవు సుమారు 6,750 కిలోమీటర్లు, నడుమ లోతు దాదాపు 970. మొదటి ఒప్పంద కూలీలతో 1860 అక్టోబరులో మద్రాసు విడిచిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బను చేరింది. నెల దాటిన ఆ ప్రయాణం సొరంగంలో 42 నిమిషాలు. నిట్టనిలువుగా మధ్యగుండా తవ్వితే మాత్రం డర్బను వారు తేలేది హవాయి దీవులకు ఈశాన్యాన, నడి సముద్రంలో!

2015లో అలెగ్జాండర్ క్లోట్జ్ ఈ లెక్కను సరిదిద్దాడు. భూమి నడిమి భాగం పై పొరలకన్న చాలా దట్టమైనది గనుక, సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఆకర్షణ దాదాపు తగ్గదు. అందుచేత మధ్యగుండా పట్టేది 38 నిమిషాలే. ఇక భూభ్రమణం వల్ల ధ్రువం నుండి ధ్రువానికి తవ్వితే తప్ప రాయి గోడకు కొట్టుకుంటుంది. గాలి అడ్డు సరేసరి.

తవ్వే సంగతి ఎలాగున్నది? రష్యాలోని కోలాలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరి, 180 డిగ్రీల వేడి దగ్గర ఆగిపోయింది. భూమధ్యానికి 6,371 కిలోమీటర్లు. మనుషులు దిగేది అంతకన్న తక్కువే. జొహానెస్‌బర్గుకు పడమరనున్న ంపోనెంగ్ బంగారు గనిలో దాదాపు 4 కిలోమీటర్ల అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, పనివారు నిలవడానికి పైనుండి మంచు కలిపిన నీరు పంపుతారు.