కొండలు లేని దేశపు కీబోర్డు విద్వాంసుడు

నిర్మాత అనగానే మనవారికి స్ఫురించేది సినిమాకు సొమ్ము పెట్టే పెద్దమనిషి. రాక్ సంగీతంలో ప్రొడ్యూసరు పని వేరు. ఏ స్వరం నిలవాలో, ఏ వాద్యం ఎక్కడ మౌనం వహించాలో తేల్చేవాడు అతడు. తాళపత్ర ప్రతులు ముందు వేసుకొని, పాఠాంతరాలలో ఒకదానిని నిలిపే పరిష్కర్తతో అతడిని పోల్చడం నాకు సబబుగా తోస్తుంది. పరిష్కర్త పేరు ముఖపత్రం మీద ఎప్పుడూ చిన్న అక్షరాలలోనే ఉంటుంది కదా!

రాబర్ట్ యాన్ స్టిప్స్ 1950లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో జన్మించారు. బడి వయసులోనే మిత్రులతో కూడి సూపర్‌సిస్టర్ అనే బృందాన్ని నిలబెట్టారు. ఆర్గాను, వేణువు, బాస్, డ్రమ్ములు, ఇంతే వారి సరంజామా. లీడ్ గిటారు చేయవలసిన గర్జనను ఆయన ఆర్గానే చేసింది. 1970లో తొలి ఆల్బం వచ్చింది. 1972 నాటి ఆల్బం పేరుకు అర్థం ‘పుడింగు, నిన్న’ అట! ఆ చిలిపితనం వారి స్వరరచనలోనూ ఉంది.

1974లో ఆయన గోల్డెన్ ఇయరింగ్ బృందంలో చేరారు. ‘రాడార్ లవ్’ పాటతో ఆ బృందం అప్పటికే దేశాంతర ఖ్యాతి గడించింది. అక్కడ రెండు ఆల్బములకు వాయించి 1976లో తప్పుకున్నారు. స్వంత బృందానికి గుండెకాయ వంటి వ్యక్తి, అక్కడ ఒక పక్కవాద్యకారుడు. ఈ మార్పు ఆయనను చిన్నబుచ్చలేదని, పైపెచ్చు పరిష్కర్తగా తీర్చిదిద్దిందని నా అభిప్రాయం. మరుసటి ఏడే గ్రుప్పో స్పోర్టివో బృందపు తొలి ఆల్బముకు ప్రొడ్యూసరైనారు.

ఆ తరువాతది నిట్స్ బృందం. గాయకుడు హెంక్ హోఫ్‌స్టెడె, డ్రమ్ముల రాబ్ క్లూట్‌ల సరసన, 1980ల తొలినాళ్ళలో స్టిప్స్ సభ్యుడైనారు. 1983లో వారు చేసిన ఒక పాట పేరు ‘నెస్కియో’. లాటిన్‌లో ‘నేనెరుగను’ అని అర్థం. ఒక డచ్చి రచయిత కలంపేరు కూడా అదే. 1987లో ‘ఇన్ ద డచ్ మౌంటెన్స్’ వచ్చింది. ఎత్తైన చోటు కూడా అప్పట్లో సుమారు 322 మీటర్లకు మించని దేశంలో పర్వతాలట! ఈ ఆల్బమును వారు తమ అభ్యాసశాలలోనే అందరూ కలిసి వాయిస్తూ నేరుగా ముద్రించారు. తరువాత అతుకులు వేయలేదు. దిద్దుబాటుకు వీలే లేనప్పుడు పరిష్కర్త తన పరిష్కారమంతా వాయిస్తున్న క్షణంలోనే, వేళ్ళతోనే చేయాలి. స్టిప్స్ అక్కడ చాలా తక్కువ వాయించారు, సరిగ్గా కావలసినంతే.

1996లో బృందాన్ని వీడి, 2003లో తిరిగి వచ్చారు. 2022లో ఆమ్‌స్టర్‌డాంలోని ఆ అభ్యాసశాల అగ్నికి ఆహుతైంది. వాద్యాలు పోయాయి. 2024లో ఆ ముగ్గురూ ‘ట్రీ హౌస్ ఫైర్’ అనే కొత్త ముద్రణ వెలువరించారు.