ట్రంకుపెట్టెలోని కార్డులు: మన నేత ఇండ్లల్ల పెద్దవాళ్ల వైద్యం లెక్క

మా బాపు పోయినంక, దినాలన్నీ అయ్యాక, ఆయన ట్రంకుపెట్టె తీశాం. పైన రెండు చాదర్లు, వాటి కింద మార్కండేయుని పటం, దాని కింద ఒక ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలో కార్డులు. మిల్లులో పనిచేసిన నాటి ఈఎస్ఐ కార్డు, అవ్వ బీడీ కార్డు, చిన్నాయన మనదగ్గర దాచుకున్న చేనేత ఆరోగ్య బీమా కార్డు, తెల్ల రేషన్ కార్డు, గడువు దాటిన ఒక మెడిక్లెయిమ్ పాలసీ. ఒక్కొక్కటి తీసి చూస్తుంటే షోలాపూర్‌లో మన వాళ్ల చరిత్రంతా ఆ సంచిలోనే ఉన్నట్టు అనిపించింది. సావనీరుకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని పెద్దలు అడిగినప్పుడు, వలసల గురించి, గుడి గురించి ఇదివరకే చాలామంది రాశారు కదా, మేము ఈ సంచి గురించి రాస్తామన్నాం.

నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి మన ముత్తాతలు షోలాపూర్‌కు వచ్చింది పని కోసం. 1876-78 కరువు కొందరిని తరిమింది. 1877లో ఇక్కడ మొదటి పెద్ద మిల్లు నడిచినప్పటి నుంచి ఊరు పెరిగింది, మన వాడలు పెరిగాయి. ఆ రోజుల్లో ముసలితనానికి వైద్యం అంటే ఇంట్లో కొడుకులు, వాడలో నాటువైద్యుడు, అంతే. కరువు రోజుల్లో నేతగాండ్లు రాళ్లు కొట్టలేరని నూలిచ్చి బట్ట కొన్న సాయాలున్నాయి కానీ, కండ్లు మసకబారి పోగు కనపడని తాతకు ఏ సాయమూ లేదు. అప్పు సేటు దగ్గర దొరికేది, లేకుంటే భిశీ ఎత్తుకునేవాళ్లు. భిశీ ఇప్పటికీ మన ఆడవాళ్ల చేతిలోనే ఉంది. నిజానికి మన మొదటి ఆరోగ్య బీమా అదే, దానికి ఏ కంపెనీ లేదు.

కాగితం మీద హక్కుగా వచ్చిన మొదటిది ఈఎస్ఐ. చట్టం 1948లో వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో మొదలై తర్వాత మిల్లులున్న ఊర్లకు పాకింది. మిల్లు కార్మికుడి జీతంలో కొంత కోసి, యజమాని కొంత కలిపి, కుటుంబానికంతా దవాఖాన. బాపు ఎప్పుడూ దాన్ని ‘మన పైసల దవాఖాన’ అనేవారు, దయతో ఇచ్చింది కాదని. అయితే మిల్లు నుంచి బయటపడి సాంచెల షెడ్డులో చేరినవాళ్లకు ఆ హక్కు అక్కడే తెగింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటేనే చట్టం వర్తిస్తుంది. ఒకే కప్పు కింద ముప్పై మంది పనిచేసే షెడ్డు కాగితాల మీద నాలుగు చిన్న షెడ్లుగా మారడం మనలో ఎవరికి తెలియదు? మన ఆసాములే చేశారు, దాపరికం ఎందుకు. ఆ రోజు మిగిలిన చందా ఇవాళ ఆ కార్మికుల ముసలితనంలో కనపడుతోంది.

ఈఎస్ఐలో మన వాళ్లలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. కనీసం ఐదేండ్లు బీమాలో ఉండి, వయసు మీరి రిటైర్ అయిన కార్మికుడు నెలకు పది రూపాయల లెక్కన ఏడాదికి 120 రూపాయలు ఒకేసారి కడితే, తనకూ భార్యకూ వైద్యం కొనసాగుతుంది. ఇది ఏటేటా కట్టాలి. కట్టని ఏడు లేదు. బాపు 1998లో రిటైర్ అయినంక కొన్నేండ్లు కట్టారు. బీపీ గోలీలు, దగ్గు మందులు, కీళ్ల నొప్పులకు సూదులు, అన్నీ అక్కడే. దూది దుమ్ము మింగిన ఛాతీకి రోజూ మందు కావాలి కదా, మంచం పట్టినప్పుడు ఒక్కసారి కాదు.

అవ్వ బీడీ కార్డు సంగతి వేరు. షోలాపూర్‌లో మగవాళ్లు సాంచెల మీద ఉంటే ఆడవాళ్లు చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టారు. 1976 నాటి బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వల్ల వాళ్లకు వేరుగా డిస్పెన్సరీలు వచ్చాయి. ఒకే ఇంట్లో మొగుడికొక దవాఖాన, పెండ్లానికొక దవాఖాన. అవ్వ నవ్వుతూ అనేది, “మీ బాపు బట్టకు ఒక డాక్టరు, నా ఆకుకు ఒక డాక్టరు” అని.

ఇక చిన్నాయన కార్డు. ఆయన మగ్గం వదలలేదు, గోడకు వేలాడదీసే బొమ్మల వస్త్రాలు నేసేవాడు. 2005-06లో కేంద్ర ప్రభుత్వం చేనేత కార్మికులకు ఆరోగ్య బీమా పెట్టింది. కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు, అందులో 7,500 దాకా మంచం పట్టకుండా చూపించుకునే మందులకు. ఆ రెండో అంకెను చిన్నచూపు చూడకండి. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద లక్షల పథకాలు చాలావాటిలో అదే లేదు. 80 ఏండ్ల దాకా వయసుకు అడ్డు లేకపోవడం కూడా మంచిదే. కానీ చేతిమగ్గం ఉంటేనే. సాంచె మీద నేసినవాడు నేతగాడు కాడట! ఒకే తల్లి బిడ్డలు, ఒకే గోత్రం, ఒకరికి కార్డు, ఒకరికి లేదు. దీనికి ముందు 2003లో వచ్చిన బున్‌కర్ బీమా ప్రాణానికి బీమా, అదీ 18 నుంచి 59 ఏండ్ల వాళ్లకే. అరవై నిండిన రోజున నేతగాడి లెక్క మూసేసేవారు.

2008లో ఆర్‌ఎస్‌బీవై వచ్చింది. ఏడాదికి 30 రూపాయలు రిజిస్ట్రేషన్, 30,000 రూపాయల వైద్యం, స్మార్టు కార్డు. తర్వాత చేనేతవాళ్ల ఆరోగ్య బీమాను కూడా ఆ పద్ధతిలోకే మార్చారు. అందులో కుటుంబం అంటే ఐదుగురే. మొగుడు, పెండ్లాం, ముగ్గురు పిల్లలు అయితే లెక్క సరి. ఇంట్లో ఉన్న ముసలమ్మ ఆరోది. ఎవరి పేరు తీయాలని ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు, ముసలమ్మే ‘నాకెందుకు బిడ్డా’ అని తప్పుకుంది. ఎన్ని ఇండ్లల్ల ఇది జరిగిందో మీకే ఎరుక.

మిగతా రాష్ట్రాల మన వాళ్ల దారులు వేరు. కర్ణాటకలో 2003లో యశస్విని మొదలైంది, సహకార సంఘాల సభ్యులకు, మొదట్లో ఏడాదికి మనిషికి 60 రూపాయలు. దాని గుణమూ దోషమూ ఒక్కటే, ఏటా పేరు నమోదుకు ఒక గడువుంటుంది, ఆ గడువులో కట్టకపోతే మళ్లీ ఏడు దాకా తలుపు మూత. 2018లో దాన్ని ఆపి వేరే పథకంలో కలిపారు, 2023 జనవరి నుంచి మళ్లీ నడుస్తోంది. మధ్యలో ఆ నాలుగైదేండ్లు ‘మాది యశస్విని ఉంది కదా’ అని పాత రసీదు పట్టుకుని తిరిగిన సభ్యులూ ఉన్నారు. తమిళనాడులో 2009లో కలైజ్ఞర్ పథకం, 2012 జనవరిలో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా వచ్చాయి. అక్కడ ఆదాయం కాగితం మీదే అంతా ఆధారం. ఒడిశాలో 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ్, 2025లో ఆయుష్మాన్ భారత్‌తో జోడింపు. బరంపురం పట్టు నేసే మన దేవాంగ అన్నదమ్ములు ఒకే దశాబ్దంలో రెండు కార్డులు మార్చుకున్నారు. యానాం వాళ్లు చిన్న జబ్బుకు కూడా కాకినాడ బస్సు ఎక్కేవాళ్లు, వాళ్లకు కార్డు పక్క రాష్ట్రంలో చెల్లుతుందా లేదా అన్నదే అసలు సంగతి.

మా మహారాష్ట్రలో 2012 జులై 2న రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ యోజన మొదటి విడత ఎనిమిది జిల్లాలలో మొదలైతే, అందులో షోలాపూర్, నాందేడ్ రెండూ ఉన్నాయి. లక్షన్నర దాకా వైద్యం. పసుపు కార్డు, నారింజ కార్డు ఉన్నవాళ్లకు. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే పేరు పెట్టారు.

ఇక్కడే మా ఇంటి తప్పు చెప్పాలి.

మాకు నాలుగు సాంచెలు ఉన్నాయి, తెల్ల కార్డు. కాబట్టి ఆ యోజన మాకు లేదు. 2004లో బాపుకు 64 ఏండ్లప్పుడు ఒక కంపెనీలో మెడిక్లెయిమ్ తీసుకున్నాం. మెడిక్లెయిమ్ అనే సరుకు 1986లో ప్రభుత్వ కంపెనీల నుంచి వచ్చిందే, ఏడాదికొకసారి తిరగరాసుకునే ఒప్పందం. పాలసీ వచ్చింది కదా, 120 రూపాయలకు లైనులో ఎందుకు నిలబడాలని ఈఎస్ఐ కట్టడం ఆపేశాం. ఇది మొదటి తప్పు. ఒకటి పెద్ద ఖర్చుకు, ఒకటి రోజు మందుకు, రెండూ ఒకటి కాదు. తర్వాత పన్నెండేండ్లు పాలసీ కాగితం తెరిచి చూడలేదు, బ్యాంకు నుంచి పైసలు వాటంతటవే పోతున్నాయి కదా అని. 2016లో తమ్ముడు బ్యాంకు ఖాతా మార్చాడు. కంపెనీ చీటీ పాత ఇంటికి పోయింది, అక్కడ ఉన్నవాళ్లు అది కరెంటు బిల్లనుకుని పక్కన పెట్టారు. గడువు దాటిన 41వ రోజు బాపుకు పక్షవాతం.

ముప్పై రోజుల్లోపు కట్టి ఉంటే పాత ఏండ్ల లెక్క నిలిచేది, ఆ మధ్య రోజుల జబ్బుకు మాత్రం పైసలు రావు. ముప్పై దాటింది కాబట్టి పన్నెండేండ్ల లెక్క పోయింది. ‘కొత్తగా తీసుకోండి’ అన్నారు. 76 ఏండ్ల మనిషికి, పక్షవాతం వచ్చినంక! రెండు సాంచెలు అమ్మినం. ఒక భిశీ ముందే ఎత్తినం. అవ్వ గాజులు పోయినయి. కంపెనీని తిట్టి లాభం లేదు, నియమం అంతే ఉంది. మేము చూసుకోలేదు.

అప్పటి నుంచి మాకు నియమాల మీద ఒక రకమైన పట్టుదల వచ్చింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం. 2011 అక్టోబరు నుంచి ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పాలసీ మార్చుకోవచ్చు, పాత జబ్బులకు గడిపిన ఏండ్ల లెక్క పోకుండా. గడువుకు నెలన్నర ముందే అడగడం మంచిది, చివరి వారంలో పోతే పని కాదు. మొత్తం పెంచుకుంటే పెంచిన భాగానికి మాత్రం మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలి. 2013 నుంచి ముసలితనం పేరు చెప్పి పాలసీ తిరగరాయమనే వీలు లేదు. 2024 ఏప్రిల్ నుంచి కొత్త పాలసీకి 65 ఏండ్ల హద్దు కూడా లేదు, పాత జబ్బులకు ఎదురుచూసే కాలం ఎక్కువలో ఎక్కువ నాలుగేండ్ల నుంచి మూడేండ్లకు తగ్గింది. 2025 జనవరిలో, అరవై దాటినవాళ్ల ప్రీమియం ఒక ఏడాదిలో పది శాతం మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థతో మాట్లాడాలన్నారు. అదే ఏడు సెప్టెంబరు 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ తీసేశారు. అంటే పోయిన ఏటి కాగితం ఈ ఏటికి పనికిరాదు. ఏటేటా నియమం మారుతుంటే మన కాగితం మాత్రం ట్రంకులో ఎట్లున్నది అట్లే ఉండటం ఏమి న్యాయం?

2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ వచ్చింది, పేద కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షలు. ఇందులో ఐదుగురే అన్న లెక్క లేదు, ఆరో ముసలమ్మ కూడా మనిషే. 2024 జులై నుంచి మహారాష్ట్రలో ఫులే యోజన తెల్ల కార్డు వాళ్లకు కూడా, ఐదు లక్షల దాకా. మా బాపుకు ఎనిమిదేండ్లు ఆలస్యం. అదే ఏడు అక్టోబరు 29న డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పనిలేకుండా, ‘వయ వందన’ కార్డు. ఇంటికి ముందే ఆయుష్మాన్ ఉంటే డెబ్బై దాటినవాళ్లకు వేరుగా ఇంకో ఐదు లక్షలు, కొడుకు కోడళ్లతో పంచుకోనక్కరలేదు. చేతిమగ్గమా సాంచెనా అని అడగరు, బీడీనా మిల్లా అని అడగరు. ఆధార్‌లో పుట్టిన తేదీ చూస్తారు, అంతే. నూటయాభై ఏండ్లలో మన ముసలివాళ్లను పని పేరుతో విడదీయని మొదటి కార్డు ఇదేనని మా లెక్క. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు, సొంత పాలసీ ఉన్నవాళ్లకు ఇది అదనం, ఏదీ వదులుకోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, మాజీ సైనికుల పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. హైదరాబాదులో బిడ్డ దగ్గరికి పోయినా, జాబితాలో ఉన్న దవాఖాన అయితే చెల్లుతుంది.

కొరత లేదని కాదు. దవాఖానలో చేరితేనే ఈ కార్డు. రోజూ మింగే గోలీలకు కాదు. అందుకే ఆ 120 రూపాయల సంగతి మళ్లీ గుర్తు చేస్తున్నాం, అర్హత ఉన్నవాళ్లు దాన్ని పోగొట్టుకోకండి. ఇంకొకటి, మనలో చాలామంది పెద్దల పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి ఒకటి అని, ఏడు కూడా అంచనాకు వేసి ఉంది. 74 ఏండ్ల అత్తయ్యకు ఆధార్‌లో 66 ఉన్న ఇల్లు మా వాడలోనే ఉంది. దాన్ని దిద్దించడానికి ఆమె బడి రికార్డు ఎక్కడుంది, బడికే పోలేదు.

నారళీ పున్నమి నాడు షోలాపూర్‌లో మార్కండేయుని రథం తిరుగుతుంది, ఆ రోజే మనం జంజెం మార్చుకుంటాం. ఏడాదికొక రోజు తప్పకుండా మార్చేది అదొక్కటే. గత రెండేండ్లుగా మా గల్లీలో ఆ సాయంత్రం పిల్లలు నలుగురు ఫోను పట్టుకుని కూర్చుంటున్నారు, పెద్దలు ఎవరి సంచి వాళ్లు తెస్తారు. గడువు ఎప్పుడు, ఫోన్ నంబరు అదేనా, ఇల్లు మారిందా, చనిపోయినవాళ్ల పేరు తీశారా, కొత్త కోడలు పేరు ఎక్కిందా, మన దవాఖాన ఇంకా జాబితాలో ఉందా అని ఒక నోటుబుక్కులో రాస్తారు. పోయిన ఏడు 60 ఇండ్ల సంచులు చూస్తే పదకొండింటిలో ఏదో ఒక గడువు దాటి ఉంది.

అవ్వకు ఇప్పుడు 79. వయ వందన కార్డు 2024 నవంబరులోనే తీశాం. ఇంటికి తెచ్చి ఇస్తే ఫోటో చూసి, “గింత ముసల్దాన్నయిననా” అన్నది. తర్వాత బీడీ కార్డు పక్కనే పెట్టుకున్నది, అదే ప్లాస్టిక్ సంచిలో.