బడికి ముందు బడి: చిన్నపిల్లల ఆరోగ్యం, భద్రత కోసం పాటించాల్సిన నియమాలు

మూడేళ్ళు నిండగానే పిల్లల్ని అంగన్‌వాడీకో, ప్లే స్కూల్‌కో పంపడం ఇప్పుడు మామూలైపోయింది. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే అంగన్‌వాడీల్లో 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు ఆటపాటల చదువుతో పాటు తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు కూడా ఉంటాయి. ప్రైవేటు ప్లే స్కూళ్ళ కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం మూడేళ్ళు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు. 20 మంది పిల్లలకు ఒక టీచర్, ఒక ఆయా ఉండాలి. ఫీజు ఎంత అని అడిగే తల్లిదండ్రులు ఈ లెక్క కూడా అడిగితే మంచిది.

చేర్పించేటప్పుడు ముందుగా చూడాల్సింది టీకాల కార్డు. ఏడాదిన్నర వయసు దాకా టీకాలు సరిగ్గానే పడతాయి, చాలా ఇళ్ళలో ఆ తర్వాతే మరుపు. తట్టు, రుబెల్లా టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. డీపీటీ మొదటి బూస్టర్ కూడా రెండో డోసు సమయంలోనే. ఇక రెండో బూస్టర్ 5 నుంచి 6 ఏళ్ళ మధ్య. నడుమ మూడేళ్ళకు పైగా ఖాళీ రావడంతో కార్డు ఎక్కడో బీరువాలో పడిపోతుంది, ఆ డోసూ పోతుంది. అది కాపాడేది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం నుంచి. కంఠసర్పి పాతకాలపు జబ్బు అనుకుంటారు గానీ, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు ఆ కేసులు ఇప్పటి కాలంలోనూ వచ్చాయి. తట్టు టీకా తప్పిపోతే ఐదేళ్ళ లోపు, డీపీటీ తప్పిపోతే ఏడేళ్ళ లోపు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా వేయించుకోవచ్చు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో తట్టును ఖస్రా అని, కోరింత దగ్గును కాలీ ఖాన్సీ అని అంటారు. టీకాల నోటీసులో ఆ పేర్లు కూడా రాస్తే తల్లులకు వెంటనే అర్థమవుతుంది.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు ఇస్తారు. రెండేళ్ళు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి. చిన్నవాళ్ళకు దాన్ని పొడి చేసి నీళ్ళలో కలిపి ఇవ్వాలి, అలాగే మింగిస్తే గొంతులో అడ్డుపడొచ్చు. ఆ రోజు జ్వరంగా ఉంటే వేయించకుండా, తగ్గాక ఇప్పించాలి.

అసలు గొడవంతా వచ్చేది ఒంట్లో బాగోని పిల్లల దగ్గరే. పొద్దున జ్వరం సిరప్ తాగించి పంపేస్తారు. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. మధ్యాహ్నానికి ఒళ్ళు మళ్ళీ కాలుతుంది, ఈలోపు పక్కన కూర్చున్న నలుగురికీ అంటుతుంది. తల్లిది తప్పు అనేయడం తేలికే, కానీ రోజు కూలీకి వెళ్ళే తల్లి ఇంట్లో ఆగితే ఆ రోజు డబ్బు పోయినట్టే. అందుకని జబ్బు చేసిన రోజు పిల్లను ఎవరు చూసుకుంటారో, నానమ్మో, ఖాలానో, పక్కింటి వాళ్ళో, ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపాలి. విరేచనాలు ఆగాక కనీసం ఒక రోజు చూడాలి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ చెక్కు కట్టే దాకా, తట్టు అయితే దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు, గవదబిళ్ళలు అయితే వాపు మొదలయ్యాక ఐదు రోజులు ఇంట్లో ఉంచాలి. జ్వరం లేని మామూలు జలుబుకు మాన్పించనక్కర్లేదు.

జ్వరంలో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న వస్తువులు తీసేసి, టైము చూడాలి. ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

టిఫిన్ డబ్బాలో పెట్టేవాటిలో వేరుశనగ గింజలు, గుండ్రటి ద్రాక్ష, గట్టి చాక్లెట్లు ప్రమాదం. ఐదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు పొడి చేసి, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వాలి. గొంతులో అడ్డుపడి దగ్గలేకపోతుంటే ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు కొట్టాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఏడాది నిండిన పిల్లలకే ఈ పొట్ట నొక్కే పద్ధతి. కనబడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

సెంటర్‌లో గోడల మీద బొమ్మల కన్నా ముందు బాత్రూం చూడాలి. నిండా నీళ్ళున్న బకెట్, మూత లేని సంపు చిన్నపిల్లల ప్రాణం తీయగలవు. చేతులు కడిగే చోట సబ్బు పిల్లలకు అందే ఎత్తులో ఉందా, వంట పొయ్యి గదికి తలుపు ఉందా, గేటుకు పిల్లల చేయి అందని గడియ ఉందా అన్నవీ చూసుకోవాలి.

సాయంత్రం పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో పేర్లు, ఫోన్ నంబర్లు టీచర్ దగ్గర రాసి ఉండాలి. వేరే ఎవరైనా వస్తే, బాబాయినని చెప్పినా సరే, ఇంటికి ఫోన్ చేయకుండా పంపకూడదు. ఆటోలో, వ్యానులో వెళ్ళే పిల్లల్ని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లెక్కపెట్టాలి. నిద్రపోయిన పిల్లాడు వెనక సీటులో ఉండిపోతే, ఎండాకాలంలో మూసిన బండి లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది. బైకు మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకు కూడా హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది.

కొట్టడం, చీకటి గదిలో పెట్టడం క్రమశిక్షణ కాదు, నేరం. బాలల న్యాయ చట్టం సెక్షన్ 75 పిల్లల్ని తమ సంరక్షణలో ఉంచుకున్న అందరికీ వర్తిస్తుంది. బడికి వెళ్ళనని ఉన్నట్టుండి ఏడ్చినా, పక్క తడపడం మళ్ళీ మొదలైనా బెదిరించకుండా కూర్చోబెట్టి అడగాలి. అనుమానం ఉంటే 1098కి ఫోన్ చేయొచ్చు. పగలైనా రాత్రయినా ఆ నంబర్ పనిచేస్తుంది.