చందాదారుల పుస్తకం ఎవరి దగ్గరుంది?

చిన్న పత్రిక నడిపిన ప్రతి సంపాదకుడికీ అనుభవంలో తెలిసిన విషయం ఒకటుంది. ప్రెస్సు మారినా పత్రిక బతుకుతుంది. కాగితం నాసిరకం దొరికినా బతుకుతుంది. చందాదారుల చిరునామాలు రాసుకున్న పుస్తకం పోతే మాత్రం పత్రిక పోయినట్టే. ఆ పుస్తకం మరొకరి బీరువాలో ఉంటే పత్రిక పేరుకే మనది.

ఈ రోజు తెలుగులో రాసేవాళ్లలో చాలామంది కవితనైనా కథనైనా ముందుగా పెట్టేది ఫేస్‌బుక్‌లోనే. పాఠకులు అక్కడ ఉన్నారు, చర్చ అక్కడ జరుగుతోంది. అయితే ఆ పాఠకుల చిరునామా పుస్తకం రచయిత దగ్గర లేదు. ఏ రచన ఎవరికి చూపించాలో, ఎవరి ఖాతా ఎప్పుడు మూసెయ్యాలో యజమాని నిర్ణయిస్తాడు. రచయిత అక్కడినుంచి వెళ్లిపోదలుచుకుంటే తన రాతలను మూటగట్టుకుని పోవచ్చు. పాఠకులను మాత్రం తీసుకుపోలేడు.

ఈ పరిస్థితికి ప్రత్యామ్నాయంగా రూపొందినవే వికేంద్రీకృత సామాజిక వేదికలు. వీటి చరిత్ర సాంకేతిక నిపుణుల వ్యవహారం, మనకెందుకు అనుకోవడం పొరపాటు. ఆ చరిత్రలో వచ్చిన వివాదాలన్నీ, సారాంశంలో, ఈ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే.

1

ప్రోటోకాల్ అంటే రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి ముందుగా కుదుర్చుకున్న కట్టుబాటు. ఉత్తరం మీద చిరునామా ఎక్కడ రాయాలి, బిళ్ళ ఎక్కడ అంటించాలి, చిరునామాదారు దొరకకపోతే ఏం చెయ్యాలి అనే నిబంధనల వంటిది. ఆ కట్టుబాటు ఎవరి సొత్తూ కాకపోతే ఎవరైనా తపాలా కచేరీ తెరవవచ్చు. 1982లో జాన్ పోస్టెల్ ప్రచురించిన ఎస్‌ఎంటీపీ అటువంటిది. ఒక కంపెనీ ఇచ్చిన చిరునామానుంచి మరో కంపెనీ చిరునామాకు ఈమెయిల్ ఈనాటికీ పోతున్నదంటే కారణం అదే.

చర్చావేదికల విషయంలో ఇటువంటి ప్రయత్నం అంతకన్నా ముందే జరిగింది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్‌ను ఊహించారు. 1980లో అది ఆచరణలోకి వచ్చింది. ఒక కంప్యూటరు తనకు అందిన పోస్టులను పక్క కంప్యూటరుకు అందించేది, అది ఆ పక్కదానికి. వీటన్నిటికీ కేంద్రం అంటూ ఒకటి లేదు.

ఈ యజమాని లేని వలలోనే తెలుగు కూడా ఒక చోటు సంపాదించుకుంది. 1990ల్లో ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే చర్చాబృందంలో ప్రవాస తెలుగువాళ్లు సాహిత్యం గురించీ రాజకీయాల గురించీ వాదించుకున్నారు. తెలుగు అక్షరాలు తెరమీదకు రాని రోజులు కావడంతో తెలుగును రోమన్ లిపిలో రాసుకున్నారు. 1998లో ‘ఈమాట’ అంతర్జాల పత్రికగా వెలువడేనాటికి, కంప్యూటరు మీద తెలుగులో సాహిత్య చర్చ చేసే అలవాటు ఏర్పడి ఉంది.

ఆ రాతల గతి ఏమైందో గమనించాలి. యూజ్‌నెట్ పోస్టులను డెజా న్యూస్ అనే సంస్థ భద్రపరిచేది. 2001లో గూగుల్ ఆ భాండాగారాన్ని కొన్నది. పాత చర్చలను వెతుక్కునే ప్రధాన మార్గం ఆ విధంగా ఒక కంపెనీ గుమ్మం గుండా పోయింది. 2024 ఫిబ్రవరి 22నుంచి ఆ గుమ్మం ద్వారా యూజ్‌నెట్‌లో కొత్తగా రాయడం సాధ్యం కాకుండా పోయింది. పాతవి చూసుకోవచ్చు, అంతే. వల ఎవరి సొత్తూ కాదు. వల జ్ఞాపకాలను భద్రపరిచే బాధ్యత ఎవరూ తీసుకోనందువల్ల అవి ఒకరి సొత్తయ్యాయి. ఇది మొదటి పాఠం.

2

రెండవ పాఠం మరింత చేదైనది. 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ అనే అమెరికన్ ప్రోగ్రామరు జాబర్‌ను ప్రకటించాడు. అప్పటికి తక్షణ సందేశాల రంగంలో ఏ కంపెనీ చావడి ఆ కంపెనీదే. ఒక చావడిలో కూర్చున్నవాడు మరో చావడిలోని స్నేహితుణ్ణి పలకరించలేడు. జాబర్ ఈ గోడలను తీసెయ్యదలిచింది. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో అంతర్జాల ప్రమాణమయింది. 2005 ఆగస్టులో గూగుల్ తన ‘టాక్’ను దీనిమీదనే నిర్మించింది. 2006 జనవరిలో ఇతర సర్వర్లతో సంబంధం కూడా కలిపింది. ఎక్కడో చిన్న సర్వరు మీద ఖాతా ఉన్నవాడికి జీమెయిల్ మిత్రులంతా ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చారు.

ఈ కాపురం ఏడేళ్లు సాగింది. 2013 మే నెలలో గూగుల్ ‘హ్యాంగౌట్స్’ను ప్రవేశపెట్టింది. బయటి సర్వర్లతో సంబంధానికి కొత్త వ్యవస్థలో చోటు లేదు. ఎక్స్‌ఎంపీపీని ఎవరూ నిషేధించలేదు. దాన్ని వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాని చిన్న సర్వరు మీద ఉన్నవాడి స్నేహితుల్లో ఎక్కువమంది గోడకు అవతల ఉండిపోయారు. స్నేహితులు ఎటుంటే మనిషీ అటే పోతాడు. వాట్సాప్ కూడా ఎక్స్‌ఎంపీపీని మలుచుకునే మొదలైంది. బయటివాళ్లతో సంబంధం మాత్రం ఆదినుంచీ పెట్టుకోలేదు.

ప్రమాణం ఉమ్మడిది కావడం అవసరమే, చాలదు. జనమంతా ఒకేచోట పోగుపడితే తలుపు మూసే శక్తి ఆ చోటి యజమానికే దక్కుతుంది. తర్వాతి కాలపు ప్రయత్నాలన్నిటినీ ఈ అనుభవంతో బేరీజు వేసి చూడాలి.

3

2006లో ట్విట్టర్ పుట్టింది. రెండేళ్లకే, 2008 జులైలో, ఇవాన్ ప్రొడ్రోము ‘ఐడెంటి.కా’ను ప్రారంభించి, చిన్న పోస్టుల వేదికలు కూడా ఈమెయిల్ మాదిరిగా పరస్పరం కలవవచ్చునని చూపాడు. 2010లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు ‘డయాస్పొరా’ కోసం ప్రజలనుంచి 10 వేల డాలర్లు అడిగితే సుమారు 2 లక్షలు వచ్చాయి. ఫేస్‌బుక్ పట్ల అసంతృప్తి ఎంత ఉన్నదో అది చెప్పింది. ఆ సొమ్ముతో ఫేస్‌బుక్‌కు పోటీ నిలబడదని తర్వాతి సంవత్సరాలు చెప్పాయి.

2016లో జర్మనీలో యూగెన్ రోచ్కో ‘మాస్టడాన్’ను విడుదల చేశాడు. 2018 జనవరి 23న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ‘యాక్టివిటీపబ్’ను ప్రమాణంగా ఆమోదించింది. దీని పద్ధతి ఉత్తరాల పద్ధతే. ప్రతి వాడుకరికీ ఒక ఇన్‌బాక్స్, ఒక ఔట్‌బాక్స్ ఉంటాయి. నేను రాసింది నన్ను అనుసరించేవాళ్లు ఏయే సర్వర్ల మీద ఉన్నారో అక్కడికి నా సర్వరు బట్వాడా చేస్తుంది. నా పేరులో నా సర్వరు పేరు కలిసి ఉంటుంది, మనిషి పేరుతో ఊరి పేరు కలిసినట్టు.

చందాదారుల పుస్తకం ఇక్కడ పెద్ద కంపెనీ చేతినుంచి ఊరి పెద్ద చేతికి వచ్చింది. ఇది నిజమైన మార్పు. ఊరు నచ్చకపోతే మాస్టడాన్‌లో మరో ఊరికి పోవచ్చు, అనుసరించేవాళ్లు వెంట వస్తారు. పాత పోస్టులు మాత్రం రావు. సర్వరు నడిపే మనిషి డబ్బులేక, ఓపికలేక చెప్పాపెట్టకుండా మూసేస్తే రెండూ పోతాయి.

మన దేశంలో ఈ పేరు విస్తృతంగా వినిపించడానికి ఒక కవిత కారణం కావడం విశేషం. 2019లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసింది. నాజీ వందనం చెయ్యకుండా చేతులు కట్టుకు నిలబడిన జర్మన్ కార్మికుడి ఛాయాచిత్రం పెట్టుకోవడం ఒక నేరం. హిందీ కవి గోరఖ్ పాండే కవితను పంచుకోవడం రెండో నేరం. ఆ ఏడు నవంబరులో చాలామంది భారతీయులు నిరసనగా మాస్టడాన్‌లో ఖాతాలు తెరిచారు. వాళ్లలో అనేకులు కొద్దికాలానికే వెనక్కి పోయారు. కోపం తగ్గి కాదు, పాఠకులు అక్కడే ఉండిపోయినందువల్ల.

2022 అక్టోబరులో ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నప్పుడు వలస పెద్దయెత్తున సాగింది. మాస్టడాన్ చురుకైన వాడుకరులు నెలకు 25 లక్షలకు చేరారు. డిసెంబరులో ట్విట్టర్ మాస్టడాన్ చిరునామాలు పెట్టడాన్నే కొన్నాళ్లు అడ్డుకుంది. చందాదారుల పుస్తకం విలువ ఎంతో కొత్త యజమానికి బాగా తెలుసుననడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఊళ్ల వ్యవస్థకు ఊళ్ల గుణదోషాలు రెండూ ఉన్నాయి. 2019లో జాతివిద్వేషులకు ఆశ్రయమిచ్చిన ‘గ్యాబ్’ మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌లోకి మారినప్పుడు ఇతర సర్వర్లు ఒకదాని తర్వాత ఒకటి దానితో సంబంధం తెంచుకున్నాయి. కేంద్రం లేకుండానే సమష్టి నిర్ణయం సాధ్యమయింది. అదే కత్తి మరోవైపు కూడా తెగుతుంది. ఇద్దరు నిర్వాహకుల తగాదాలో, ఆ తగాదా సంగతే తెలియని వాడుకరుల మధ్య మాటలు తెగిపోతాయి. వెలి అనేది ఏమిటో తెలిసిన సమాజంనుంచి వచ్చిన మనం ఈ అధికారాన్ని తేలిగ్గా తీసుకోలేం.

4

ఈ లోపాన్ని సవరిస్తామంటూ వచ్చింది ‘బ్లూస్కై’. 2019 డిసెంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ దీనికి బీజం వేశాడు. తర్వాత ఇది వేరే కంపెనీగా ఏర్పడి, 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. అదే ఏడు నవంబరులో దాని ఖాతాలు 2 కోట్లు దాటాయి.

దీని ‘ఏటీ ప్రోటోకాల్’ పద్ధతి వేరు. రచయిత రాతలూ, అతను ఎవరిని అనుసరిస్తున్నాడన్న పట్టికా ఒక దస్త్రంగా అతని ఇంట్లో ఉంటాయి. ఇల్లంటే ఒక సర్వరు. అందరి దస్త్రాలనూ ‘రిలే’ ఒకచోటికి చేరుస్తుంది. యాప్‌లు ఆ రాశినుంచి ఎవరికి కావలసిన పేజీని వాళ్లకు కూర్చి ఇస్తాయి. ఇల్లు మారితే దస్త్రం మొత్తం వెంట వస్తుంది, పాఠకులూ వస్తారు. సొంత డొమైన్‌నే పేరుగా పెట్టుకోవచ్చు. కాగితం మీద ఇది మాస్టడాన్ కన్న మెరుగు.

ఆచరణ సంగతి వేరు. అత్యధిక ఖాతాల ఇల్లు కంపెనీ సర్వర్లే. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో చెప్పే ప్రధాన పట్టికను నిర్మించి నడిపిందీ కంపెనీయే. 2024 నవంబరులో యాక్టివిటీపబ్ రచయితల్లో ఒకరైన క్రిస్టీన్ లెమ్మర్-వెబర్ ఈ విషయం మీద సుదీర్ఘ విమర్శ రాసింది. ఉత్తరాన్ని చిరునామాదారుకు అందించడం ఒక పద్ధతి, ఉత్తరాలన్నిటినీ ఒకే రాశిగా పోసి ఎవరిది వాళ్లు వెతుక్కోవడం మరొక పద్ధతి. రెండోదానికి పెద్ద గోదాము కావాలి, పెద్ద గోదాముకు పెద్ద పెట్టుబడి కావాలి అన్నది ఆమె వాదంలోని ప్రధానాంశం. అందరికీ ఒకే సంభాషణ పూర్తిగా కనిపించాలంటే పెద్ద రాశి తప్పదని బ్లూస్కై పక్షంనుంచి సమాధానం వచ్చింది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. పెట్టుబడి సంగతి కూడా ఊహ కాదు. ఆ విమర్శకు నెల ముందే కంపెనీ 1.5 కోట్ల డాలర్ల పెట్టుబడి తీసుకుంది.

ఈ నిర్మాణం వల్ల ప్రయోజనం లేదనలేం. 2025 ఏప్రిల్‌లో టర్కీ ప్రభుత్వం కోరికపై బ్లూస్కై కొన్ని ఖాతాలను ఆ దేశంలో కనిపించకుండా చేసింది. ఆ దాపరికం కంపెనీ సొంత యాప్‌కే వర్తించింది. అదే ప్రోటోకాల్ మీద ఇతరులు కట్టిన యాప్‌లు దాన్ని పాటించవలసిన నిర్బంధం లేదు. నల్లజాతి వాడుకరుల సమూహం ‘బ్లాక్‌స్కై’ తన సొంత సర్వర్లను తానే నిర్మించుకుంటూ వచ్చింది. వెళ్లిపోయే దారి ఉండడం వేరు, దాని వెంట నడిచినవాళ్లు ఉండడం వేరు. రెండోది జరిగితేనే మొదటిదానికి విలువ.

మూడో పద్ధతి 2020లో మొదలైన ‘నాస్టర్’ది. ఇందులో ఊరూ లేదు, ఇల్లూ లేదు. రచయితకు ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. దానితో సంతకం చేసిన పోస్టును ఎన్ని రిలేలకైనా పంపుకోవచ్చు. ఒకటి తిరస్కరిస్తే మరొకటి. మన పేరును ఎవరూ లాక్కోలేరు. కాని తాళంచెవి పోయినా, దొంగ చేతిలో పడినా మొరపెట్టుకునే చోటే లేదు. స్వేచ్ఛ మొత్తాన్నీ వ్యక్తికే ఇచ్చి, భారం మొత్తాన్నీ వ్యక్తి మీదే వేసిన పద్ధతి ఇది.

5

2023 జులైలో మెటా కంపెనీ ‘థ్రెడ్స్’ను ప్రారంభించింది. ఐదు రోజుల్లో 10 కోట్లమంది చేరారు. 2024 మార్చిలో కొన్ని దేశాల వాడుకరులకు యాక్టివిటీపబ్‌తో కలిసే వీలు కల్పించింది. మాస్టడాన్ లోకం రెండుగా చీలింది. ఒక వర్గం దీన్ని ప్రమాణానికి దక్కిన గెలుపుగా భావించింది. మరో వర్గం గూగుల్ టాక్ కథను గుర్తుచేసి, థ్రెడ్స్‌తో సంబంధమే పెట్టుకోబోమని ప్రతిజ్ఞ చేసింది. 2025 ఆగస్టులో థ్రెడ్స్ తన వాడుకరులు నెలకు 40 కోట్లని ప్రకటించింది. ఒక పక్క లక్షలు, మరో పక్క కోట్లు ఉన్న స్నేహంలో తలుపు గడియ ఎటుంటుందో చెప్పనక్కరలేదు.

అదే 2024 ఫిబ్రవరిలో మాస్టడాన్‌కూ బ్లూస్కైకీ మధ్య వంతెన కట్టబోయిన ఒక ప్రోగ్రామరుకు తీవ్రమైన నిరసన ఎదురైంది. అడగకుండా తమ రాతలను అవతలి ఒడ్డుకు చేర్చవద్దని చాలామంది అభ్యంతరం చెప్పారు. ఒప్పుకున్నవాళ్ల రాతలే దాటేలా అతను పద్ధతి మార్చాడు. ప్రోటోకాల్‌లు కలవడమంటే యంత్రాలు కలవడమే కాదనీ, ఎవరి కోసం రాశామన్నది కూడా రచనలో భాగమనీ ఈ చిన్న ఘటన గుర్తుచేసింది. మన రచయితలకు ఇది కొత్త సంగతి కాదు. చిన్న పత్రికకు రాసిన వ్యాసాన్ని చెప్పకుండా పెద్ద పత్రిక అచ్చేసుకుంటే కలిగే బాధ అందరం ఎరిగిందే.

6

ఈ నలభై అయిదేళ్ల చరిత్రనుంచి మనం గ్రహించవలసింది ఏమిటి? ఏ ప్రోటోకాల్ గొప్పదనే వాదులాట కన్న, మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. నా పేరు ఎవరి కింద నమోదయింది? నా రాతల ప్రతి ఎక్కడుంది? నా పాఠకులకు నేను మరో చోటినుంచి కబురు పంపగలనా? యూజ్‌నెట్ రెండో ప్రశ్న దగ్గర దెబ్బతిన్నది. ఎక్స్‌ఎంపీపీ మూడోదాని దగ్గర. మాస్టడాన్ మూడోదానికి మంచి జవాబూ, మొదటి రెండింటికి సగం జవాబూ చెప్పింది. బ్లూస్కై మూడింటికీ జవాబు రాసిపెట్టింది, చాలావరకు ఒకే కంపెనీ దస్తూరీతో.

వికేంద్రీకరణకు ఖర్చుంది. సర్వరుకు అద్దె కట్టాలి, ఎవరో ఒకరు రాత్రిళ్లు మేలుకుని దాన్ని చూసుకోవాలి, బూతులూ బెదిరింపులూ తొలగించాలి. ఇది శ్రమ. పెద్ద కంపెనీ ఉచితమన్నప్పుడు ఈ శ్రమ వెలను మన పాఠకుల పట్టికతో చెల్లించుకుంటుంది. 2017లో మొదలైన ‘సోషల్.కోఆప్’ అనే మాస్టడాన్ సర్వరు సహకార సంఘంగా నడుస్తోంది. సభ్యులు చందాలు వేసుకుంటారు, నిబంధనలను ఓటుతో తేల్చుకుంటారు. చందాలతో పత్రికలు నడిపిన రచయితల సంఘాలకు ఈ పద్ధతి పరాయిది కాదు.

ఫేస్‌బుక్‌ను రేపే వదిలెయ్యమని ఎవరూ అనరు. పాఠకులు ఉన్నచోట రాయాలి. కాని అక్కడ రాసిన ప్రతి కవితకూ కథకూ మన దగ్గర ఒక ప్రతి ఉండాలి. మన పేరుమీద ఒక చిరునామా ఉండాలి. ఇష్టపడి ఇచ్చిన పాఠకుల చిరునామాలు సంఘం దగ్గర ఒక పుస్తకంగా ఉండాలి. ఇది ఏ ప్రోటోకాల్ కోసమూ ఆగనవసరం లేని పని.