రంగు పట్టని కణాలు చెప్పే కుటుంబ చరిత్ర



కౌకూర్‌లోని మా ఇంటికి ఈ మధ్య ఒక పరిచయస్థుడు ప్రయోగశాల నివేదిక పట్టుకొని వచ్చాడు. వయసు నలభై దాటలేదు. పెద్దపేగులోని క్యాన్సర్ గడ్డను శస్త్రచికిత్సతో తొలగించారు. ఆ గడ్డ ముక్కపై చేసిన పరీక్ష తాలూకు కాగితమది. “సార్, నాలుగింట్ల రెండు లేవని రాసిన్రు. లేవంటే మంచిదే కదా?” అని అడిగాడు. వైద్య నివేదికలలో ‘లేదు’ అన్న మాట సాధారణంగా శుభవార్తే. ఇక్కడ మాత్రం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే నూరేళ్ళకు పైబడిన చరిత్రను కొంత తెలుసుకోవాలి.

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్‌డ్రెడ్ వార్థిన్ అనే పాథాలజిస్టు ఉండేవాడు. తన బంధువులలో చాలామంది క్యాన్సర్‌తోనే మరణించారనీ, తనకూ అదే గతి పడుతుందనీ ఆయనకు బట్టలు కుట్టే ఒక స్త్రీ చెప్పింది. ఆమె భయం నిజమైంది. చిన్న వయసులోనే గర్భాశయ క్యాన్సర్‌తో మరణించింది. వార్థిన్ ఆ కుటుంబ వివరాలను సేకరించి 1913లో ప్రచురించాడు. 1966లో హెన్రీ లించ్ అటువంటి కుటుంబాలను మళ్ళీ వైద్యలోకం దృష్టికి తెచ్చాడు. నేడు ఆ వ్యాధిని లించ్ సిండ్రోమ్ అంటున్నాం. దానికి మూలమైన జన్యులోపాలు 1993 నుండి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఆ లోపమేమిటి? కణం రెండుగా చీలే ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది. నకలు తీసేటప్పుడు అక్షరదోషాలు దొర్లడం సహజం. వాటిని వెదకి, కత్తిరించి, సరిచేసే మరమ్మతు బృందం ఒకటి ప్రతి కణంలోనూ ఉంది. బాక్టీరియాలో ఈ పని ఎలా సాగుతుందో వివరించిన పాల్ మోడ్రిచ్, డీఎన్‌ఏ మరమ్మతుపై కృషి చేసిన మరి ఇద్దరితో కలిసి 2015లో నోబెల్ బహుమతి పొందాడు. మానవ కణాలలో ఈ బృందంలోని ముఖ్యులు నలుగురు, రెండు జంటలు: ఎంఎల్‌హెచ్1తో పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2తో ఎంఎస్‌హెచ్6. జంటలో ప్రధానమైనది లేకపోతే రెండవది కూడా నిలవదు. నా పరిచయస్థుడి నివేదికలో రెండు కనబడకపోవడానికి కారణం అదే.

కంటికి కనబడని ఈ ప్రోటీన్లు ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి సాధనం ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ. ఒకే లక్ష్యాన్ని గుర్తించే ప్రతిరక్షకాన్ని ఎడతెగకుండా తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ కనుగొన్నారు. ఎలుక ప్లీహంలో ప్రతిరక్షకాలను చేసే కణాలను, అంతులేకుండా పెరిగే క్యాన్సర్ కణాలతో కలిపారు. అయితే కలిసిన కణాలను, కలవని వాటి నుండి వేరుచేయడమెలా? అందుకు వాడిన పోషక ద్రవంలో అమినోప్టెరిన్ అనే మందు ఉంది. అది డీఎన్‌ఏ ముడిసరుకు తయారయ్యే ప్రధాన మార్గాన్ని మూసివేస్తుంది. ప్రత్యామ్నాయ మార్గం లేని క్యాన్సర్ కణాలు చనిపోతాయి. ప్లీహ కణాలు ఎలాగూ కొద్దిరోజులకే నశిస్తాయి. రెండింటి గుణాలూ కలిసిన సంకర కణాలే మిగులుతాయి.

ఆ అమినోప్టెరిన్ ఎక్కడిదో తెలుసా? భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1948లో ప్రచురించాడు. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. తమ మందు ఒకనాడు ప్రతిరక్షకాల తయారీకీ అక్కరకొస్తుందని ఆయన ఊహించి ఉండరు.

1996లో అమెరికా పరిశోధకులు ఎంఎస్‌హెచ్2ను పట్టే ప్రతిరక్షకంతో కణజాలాన్ని పరిశీలించారు. ఆ జన్యువులో వంశపారంపర్య లోపమున్నవారి గడ్డలకు రంగు పట్టలేదు. పరిశోధన బల్లమీది సాధనం అలా ఆసుపత్రిలోకి వచ్చింది. నేడు పాథాలజిస్టు గడ్డ నుండి పలుచని పొరను కోసి, ప్రతిరక్షకం అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తారు. ప్రోటీన్ ఉన్న కణకేంద్రకం గోధుమ రంగులో కనిపిస్తుంది. పక్కనున్న ఆరోగ్యకణాలకు రంగు పట్టి, గడ్డ కణాలకు పట్టకపోతేనే లోపమని తేలుస్తారు. ఆరోగ్యకణాలకూ పట్టకపోతే పరీక్షే విఫలమైనట్లు, మళ్ళీ చేయాలి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఉద్యోగంలో ఉన్న తొలి రోజులలో పెద్దపేగు క్యాన్సర్‌తో ఒక తండ్రి వచ్చాడు. కొన్నేళ్ళ తరువాత అదే వ్యాధితో అతని కుమారుడు వచ్చాడు. ఇంట్లో మరెవరికైనా ఇలా జరిగిందా అని నేను మొదటిసారి అడగలేదు. అప్పుడీ పరీక్ష లేదు, నిజమే. కానీ అడగడానికి పరీక్ష అక్కరలేదు. వార్థిన్‌కు దారి చూపింది ఆ స్త్రీ మాటే.

కాబట్టి నా పరిచయస్థుడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. రంగు పట్టకపోయినంత మాత్రాన అది వంశపారంపర్యమని నిర్ణయించరాదు. ముఖ్యంగా ఎంఎల్‌హెచ్1 లోపం వయసు మీరినవారిలో వంశంతో నిమిత్తం లేకుండా కూడా రావచ్చు. తదుపరి పరీక్షలు, రక్తంతో చేసే జన్యుపరీక్ష అవసరం. వంశపారంపర్యమని తేలితే, సంతానంలో ప్రతి ఒక్కరికీ అది సంక్రమించే అవకాశం సగం. లోపమున్నవారు సాధారణంగా యౌవనం నుండే, ఏ జన్యువన్నదాన్ని బట్టి, వైద్యుడు చెప్పిన వ్యవధిలో కొలనోస్కోపీ చేయించుకోవాలి. చిన్న బుడిపెలను అప్పుడే తీసివేస్తే అవి క్యాన్సర్‌గా మారవు. స్త్రీలు గర్భాశయం విషయంలోనూ జాగ్రత్త వహించాలి.

అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మా తమ్ముడు శామీర్‌పేట్‌ల ఉంటడు సార్. వాని పిల్లలు చిన్నోళ్ళు” అన్నాడు. ముందు తమ్ముడికి ఫోన్ చేయమన్నాను. నా ముందే చేశాడు.