గాజు తీగతో డీఎన్‌ఏ గుర్తింపు: ఫైబర్ సెన్సర్ ఎలా పనిచేస్తుంది?

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ లోపల ఉండేది సన్నటి గాజు తీగ. పై ప్లాస్టిక్ పూత తీసేస్తే దాని మందం సాధారణంగా 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఇలాంటి తీగతోనే ఒక నమూనాలో ఫలానా డీఎన్‌ఏ ఉందో లేదో చెప్పే సెన్సర్లు తయారుచేస్తున్నారు.

తీగలో వెళ్లే వెలుగు గోడలకు తగులుతూ లోపలే ప్రయాణిస్తుంది. కానీ గాజు అంచు దాటి కొద్ది దూరం, సుమారు 100 నుంచి 200 నానోమీటర్ల వరకు దాని ప్రభావం ఉంటుంది. దీన్ని ఇవానెసెంట్ తరంగం అంటారు. మామూలు కేబుల్‌లో ఇది క్లాడింగ్ అనే పైపొరలోనే ఆగిపోతుంది. సెన్సర్ కోసం ఒకచోట ఆ పొర తీసేస్తారు, లేదా తీగను వేడిచేసి సన్నగా సాగదీస్తారు. అప్పుడు గాజుకు అంటుకున్నదేదైనా ఆ వెలుగుకు చిక్కుతుంది. దూరంగా ద్రవంలో తేలుతున్నవి దాదాపు కనిపించవు. అందుకే ఈ పద్ధతి డీఎన్‌ఏకు సరిపోయింది.

డీఎన్‌ఏలో రెండు పోగులు జంటగా ఉంటాయి. ఏ అక్షరం టీతో, జీ అక్షరం సీతో మాత్రమే సరిగ్గా జతకడతాయి. వెతకాల్సిన భాగానికి సరిపడే ఒంటి పోగును ముందే గాజుపై అతికిస్తారు. ఇది చేపకు వేసే ఎర లాంటిది, పేరు ప్రోబ్. నమూనాలో దాని జోడీ ఉంటే వచ్చి అతుక్కుంటుంది. ముందే కలిపిన మెరిసే రంగు వెలుగుతుంది, లేదా తీగలోని కాంతి తరంగదైర్ఘ్యం కాస్త జరుగుతుంది. పరికరం కొలిచేది అదే.

1990ల మధ్యలో కెనడాలోని టొరంటో యూనివర్సిటీలో ఉల్రిచ్ క్రుల్ బృందం ఇలాంటి సెన్సర్లపై పనిచేసింది. అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీలో డేవిడ్ వాల్ట్ బృందం 1996లో ఒక్కో తీగకు ఒక్కో ప్రోబ్ పెట్టి, తీగలన్నీ కట్టగా కట్టి పరీక్షించింది. ఆ తర్వాత తీగల కొసలను ఆమ్లంతో తొలిచి, ఆ గుంటల్లో ప్రోబ్‌లు పూసిన చిన్న పూసలు నింపారు. దీని ఆధారంగానే 1998లో ఇల్యూమినా కంపెనీ మొదలైంది. కొన్నాళ్లకు ఆ కంపెనీ కూడా తీగలు వదిలి సిలికాన్ పలకలకు మారిందనుకోండి, అది వేరే సంగతి.

ఒక్క అక్షరం తేడాను కూడా పట్టగలగాలి, అసలు పరీక్ష అక్కడే. సికిల్ సెల్ జబ్బుకు కారణం బీటా గ్లోబిన్ జన్యువులో ఒకచోట ఏ స్థానంలో టీ రావడమే. జోడీలో ఒక్క అక్షరం కుదరకపోతే పట్టు వదులవుతుంది, కొంచెం ఎక్కువ వేడికే ఊడిపోతుంది. కాబట్టి ఉష్ణోగ్రతను చాలా జాగ్రత్తగా అదుపు చేయాలి.

సౌదీ అరేబియాలో 2004 నుంచి నికాహ్‌కు ముందు సికిల్ సెల్, థలసీమియా పరీక్ష తప్పనిసరి. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దీనికి ముందుగా చేసేది హీమోగ్లోబిన్ రక్త పరీక్ష, ఫైబర్ సెన్సర్ కాదు. గర్భంలోని శిశువు విషయంలో మాత్రం డీఎన్‌ఏ చూడాల్సి వస్తుంది. అక్కడ ఇప్పటికీ ల్యాబుల్లో నడిచేది పీసీఆర్ పద్ధతే.

ఫైబర్ వెనకబడడానికి కారణాలున్నాయి. ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, రక్తంలో డీఎన్‌ఏ తెల్లకణాల నుంచే తీయాలి. దొరికేది చాలా తక్కువ, దాన్ని ముందు పీసీఆర్‌తో పెంచుకోవాల్సి వస్తుంది. పైగా రక్తంలోని ప్రొటీన్లు గాజుకు అతుక్కుని తప్పుడు సంకేతం ఇస్తాయి.

ఇంకొకటి, ఈ సెన్సర్ డీఎన్‌ఏ మొత్తం చదవదు, అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. బీటా థలసీమియాకు కారణమయ్యే మార్పులు 200కు పైగా ఉన్నాయి. ఒక ప్రోబ్‌కు లేదు అని వస్తే ఆ ఒక్క మార్పు లేదని మాత్రమే, థలసీమియా లేదని కాదు.