రెండు కిలోల ఆరువందల గ్రాములు

“ఉన్ని కోటు వేసుకునే రా” అని ఫోన్‌లోనే చెప్పాడు తుపాకులు బాగుచేసే పెద్దాయన. అందుకే బయట అక్టోబరు ఎండ కాస్తున్నా, నా స్నేహితురాలు మందపాటి వేటకోటు, గ్లవ్స్ వేసుకుని వర్క్‌షాపు మధ్యలో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. అమెరికా ఈశాన్య కొసన మెయిన్ రాష్ట్రం. కెనడా సరిహద్దు ఇక్కడికి ఎంతో దూరం లేదు. మూలన కట్టెల పొయ్యి, గోడ వారన లేత్, గాలి నిండా కటింగ్ ఆయిల్ వాసన.

బల్ల మీద వాళ్ల నాన్న రైఫిల్ ఉంది. .308 తూటాలు వాడే బోల్ట్ యాక్షన్. ముప్పై ఏళ్లు మోశాడాయన. ఇప్పుడాయన మోకాళ్లు అడవికి రానివ్వడం లేదు. పెద్దాయన దాన్ని త్రాసు మీద పెట్టాడు. మూడు కిలోల తొమ్మిదివందల గ్రాములు. ముందుగా రిజిస్టరులో సీరియల్ నంబరు రాసుకున్నాడు. ఆ నంబరు రిసీవర్ మీద చెక్కి ఉంటుంది. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ఉక్కు ముక్కే. మిగతావన్నీ మార్చవచ్చు. లైసెన్సున్న పనివాడి దగ్గర తుపాకీ రాత్రికి ఉండిపోతే పుస్తకంలోకి ఎక్కాల్సిందే.

“ఏం కావాలి నీకు?”

“జాడ పట్టి రోజంతా నడుస్తాను. సాయంత్రానికి చెయ్యి లాగేస్తోంది. జింక కనిపించేసరికి తుపాకీ ఇంకా నడుం దగ్గరే ఉంటోంది.”

ఆ రెండో మాటకే ఆయన తలెత్తి చూశాడు.

ఇక్కడి అడవిలో స్ప్రూస్, ఫర్ చెట్లు భుజాలు రాసుకునేంత దగ్గరగా పెరుగుతాయి. అరవై మీటర్లు కనిపిస్తే అది మైదానం కింద లెక్క. తెల్లతోక జింక లేచి, తోక ఎత్తి, మాయమవడానికి రెండు మూడు సెకన్లు. ఇక్కడికి దగ్గర్లోని వెర్మాంట్ రాష్ట్రంలో లారీ బెనాయిట్, ఆయన కొడుకులు మంచులో మగజింక అడుగు పట్టి మైళ్లకు మైళ్లు నడిచి పేరు తెచ్చుకున్నారు. వాళ్ల చేతిలో ఉండేది పొట్టి గొట్టం రెమింగ్టన్ పంప్ రైఫిల్. బెల్టు ఉండేది కాదు. బెల్టు కొమ్మకు తగులుకుంటుంది, భుజాన వేలాడే తుపాకీ చేతిలోకి వచ్చేలోపు జింక ఉండదు. పెద్దాయన కూడా బెల్టు కొక్కేలు తీసి డబ్బాలో పడేశాడు.

తర్వాత టేపు తీశాడు. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. కోటు విప్పమని మళ్లీ కొలిచాడు. తేడా చూపించడానికే ఆ రెండో కొలత. దుకాణంలో పల్చటి చొక్కా మీద సరిపోయిన తుపాకీ మడమ, నవంబరులో ఉన్ని కోటు చంకకు తట్టుకుని ఆగిపోతుంది. ఆమెకు అది చాలా కాలంగా జరుగుతున్నదే, తన చేతుల్లో వేగం లేదనుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో ఆ క్షణం కనిపించిన ఊరట నేను మరచిపోలేను.

బరువు ఎక్కడ తగ్గుతుందో చెప్పడం తేలిక. వాల్‌నట్ స్టాక్ స్థానంలో కెవ్లార్, కార్బన్ నారతో చేసిన స్టాక్ వస్తే అరకిలో పైనే పోతుంది. వానకూ మంచుకూ చెక్కలా ఉబ్బదు కూడా. 24 అంగుళాల గొట్టం బదులు సన్నటి 20 అంగుళాలది బిగిస్తే మరో మూడు నాలుగు వందల గ్రాములు. గొట్టం పొట్టిదైతే తూటా వేగం ప్రతి అంగుళానికి సెకనుకు సుమారు ఇరవై అడుగుల చొప్పున తగ్గుతుంది. యాభై మీటర్ల అడవిలో అది లెక్కలోకి రాదు. పైనున్న టెలిస్కోపు తీసేసి, రిసీవర్ వెనక చిన్న రంధ్రమున్న పీప్ సైట్ పెడితే ఇంకో నాలుగు వందలు. కొమ్మ మీది మంచు రాలి అద్దం మూసుకుపోయే బెడద ఉండదు. అంతకన్నా ముఖ్యం, తుపాకీని సరిగ్గా నడిమికి పట్టుకుని ఒంటిచేత్తో నడవవచ్చు. అక్కడ టెలిస్కోపు ఉంటే చెయ్యి సరిగా కుదరదు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1903 నాటి ఆస్ట్రియా మాన్లిచర్ షోనావర్ కార్బైన్ ఇప్పటికీ చేతిలోకి తీసుకుంటే పువ్వులా ఉంటుంది. 1980లలో వెస్ట్ వర్జీనియాలో మెల్విన్ ఫోర్బ్స్ ఇరవై ఔన్సుల యాక్షన్ తయారుచేసి దానికి మోడల్ 20 అనే పేరు పెట్టాడు. మన లెక్కలో 570 గ్రాములు కూడా లేదు.

“మరి ఇంకా తగ్గించవచ్చుగా?” అడిగాను.

పెద్దాయన లేత్ ఆపాడు. “తగ్గించవచ్చు. అప్పుడది గాలిలో ఊగుతుంది. గురి నిలవదు.” గొట్టం కొసను వేలితో తాకాడు. “కాస్త బరువు ఇక్కడ ఉండాలి.”

తుపాకీ వెనక్కి తన్నే సంగతి కూడా ఆయనే చెప్పాడు. అదే తూటా, అదే మందు. తుపాకీ బరువు మూడో వంతు తగ్గితే భుజానికి తగిలే శక్తి ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకే మడమకు మెత్తటి రబ్బరు పట్టీ వేశాడు. ట్రిగ్గర్‌ను మాత్రం మరీ సున్నితం చేయలేదు. త్రాసు కొక్కెంతో లాగి చూపించాడు, కిలో నాలుగు వందల దగ్గర వదిలింది. “గ్లవ్స్‌లో గడ్డకట్టిన వేలికి ఇంతకన్నా తేలికైతే ప్రమాదం” అన్నాడు. ఈ మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నాలుగు వారాల తర్వాత మళ్లీ అదే గది. ఖాళీ ఛాంబరు ముగ్గురం చూశాక, ఆమెను కళ్లు మూసుకోమన్నాడు. “ఎత్తు. ఆనించు. ఇప్పుడు కళ్లు తెరువు.” రంధ్రం మధ్యలో ముందు గురిపూస కూర్చుని ఉంది. మళ్లీ. మళ్లీ. ఐదోసారికి ఆమె నవ్వింది. త్రాసు మీద రెండు కిలోల ఆరువందలు. ఇచ్చే ముందు గొట్టం కొసన నల్లటి టేపు ముక్క అతికించాడు, లోపలికి మంచు పోకుండా. కాల్చేటప్పుడు తీయనక్కర్లేదు, తూటాకు ముందు దూసుకొచ్చే గాలే దాన్ని చించేస్తుంది.

నవంబరు. రాత్రి మంచు పడి ఆగింది. తల మీదా ఒంటి మీదా నారింజ రంగు వేసుకుని ఆమె వెనక నడుస్తున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం, దాని తర్వాతి సవరణలతో వేట నిషిద్ధమైంది. అలాంటి చోట పెరిగిన నాకు ఈ అడుగులు వేయడం సులువేమీ కాదు. ఇక్కడ ఏ ప్రాంతంలో ఎన్ని ఆడజింకలకు అనుమతి ఇవ్వాలో ప్రభుత్వ జీవశాస్త్రజ్ఞులు ఏటా లెక్కగడతారు. ఆమె ఇంట్లో చలికాలపు మాంసం ఇదే.

జాడ తాజాగా ఉంది. గిట్టల అంచులింకా పదునుగా ఉన్నాయి. ఉన్ని కోటుకు కొమ్మలు తగిలినా చప్పుడు లేదు. రైఫిల్ ఆమె కుడిచేతిలో సంచీలా వేలాడుతోంది. నాలుగో గంట. మగజింక పడుకునే ముందు తన దారి తనకు కనిపించేలా తిరిగి పడుకుంటుందని తెలుసు కాబట్టి, ఆమె జాడ మీద చూడటం మానేసి పక్కల చూస్తోంది.

గోధుమ రంగు గీత ఒకటి కదిలింది.

తుపాకీ ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. భుజాన ఉంది, అంతే. కానీ పేలలేదు. మధ్యలో వేలి లావు కొమ్మలున్నాయి. బరువైన తూటా కొమ్మల్ని చీల్చుకుని తిన్నగా పోతుందని వేటగాళ్లలో ఒక నమ్మకం. అది నిజం కాదు, ఏ తూటా అయినా పక్కకు మళ్లుతుంది. ఆమె ఒక్క అడుగు ఎడమకు జరిగింది. తుపాకీ కొస చెదరలేదు. పెద్దాయన ఉంచిన బరువు అది. రెండు ఫర్ చెట్ల మధ్య తలుపు సందంత ఖాళీలోకి జింక భుజం వచ్చింది.

చప్పుడు మంచులో ఇంకిపోయింది. జింక ముప్పై అడుగులు పరుగెత్తి పడింది.

చాలాసేపు మాట్లాడలేదు. ఆమె దాని మెడ మీద చెయ్యి ఉంచి మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత తుపాకీ ఖాళీ చేసి, ట్యాగు కట్టింది, కత్తి తీసింది. రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు తాడు పట్టి ఇద్దరం లాగాలి. బయల్దేరే ముందు గొట్టం కొస నుంచి చిరిగిన టేపు ఒలిచి, నాన్నకు చూపించాలని కోటు జేబులో వేసుకుంది.